చెక్కేసిన వరుస

మా సార్ పోయారన్న కబురు నాకు వాళ్ళింట్లోంచి రాలేదు. ఆయన జన్మలో క్షమించని మనిషి దగ్గర్నుంచి వచ్చింది. ఆ పొద్దున ఆళ్ళగడ్డలో మా పనిశాల ముందు, సగం చెక్కిన నంది మీద నీళ్ళు పోసి దుమ్ము కడుగుతున్నాను. ఫోన్ మోగింది. సముద్రతీరాలను కాపాడే పనిలో ఉన్నవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకసారి వాళ్ళకు బొమ్మ చెక్కిచ్చిన పాపానికి నన్నూ అందులో చేర్చారు. అందులో ఒక డైరెక్టరు సార్ ఫొటో పెట్టి, కింద ఇలా రాశాడు: "ఎవరి మీదా కోపం ఎరగని అజాతశత్రువు. నాకు గురుతుల్యులు." సార్ పనిచేసిన నంద్యాల కాలేజీ వాళ్ళు పెట్టుకున్న ఫొటోనే ఎత్తి ఇక్కడ పెట్టాడని తర్వాత తెలిసింది. ఎత్తుకోవడం ఆ డైరెక్టరుకు కొత్త కాదు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండింది. నంద్యాల బస్సెక్కి శిరివెళ్ళ దాటేదాకా ఆ ఒక్క మాటే నములుతూ కూర్చున్నాను. అజాతశత్రువట! మా సార్‌కు శత్రువు ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు. ఆ మాట రాసినవాడే.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత సార్‌ను ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళారు. నేనూ భుజం పట్టాను. కాలేజీ అటెండరు దగ్గర్నుంచి మహానందిలో పూల అంగడి పెట్టుకున్న పాత శిష్యుడి దాకా అందరూ నాలుగడుగులకొకరు భుజం మార్చుకుంటూ నడిచారు. మూడు గుప్పిళ్ళ మట్టి వేసి ఇంటికొచ్చాను. నాలుగో రోజు ఆ డైరెక్టరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సార్ ఏళ్ళ తరబడి పనిచేసిన సముద్రపు ఒడ్డున ఒక రాతి పలక ఉంది. చాలా ఏళ్ళ కింద నేను చెక్కిందే. దాన్ని పెరికేసి, సార్ పేరు పెద్దక్షరాలతో కొత్త పలక వేయిస్తారట. కింద సమర్పించినవారిగా డైరెక్టరు పేరు ఉంటుందట. మీరు సార్ శిష్యులు కదా, మీరే చెక్కితే బాగుంటుందని ఎవరో ఆడపిల్ల మర్యాదగా అడిగింది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేమీ లేదు, కానీ ఆ జవాబు ఒక్క ఆ పిల్లకే చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. సార్ ఇంట్లో ఆ డైరెక్టరు పేరు ఎన్నడూ పలకలేదు, 'వాడు' అనేవారు. ఇకమీదట నేనూ అట్లాగే రాస్తాను. సార్ పేరు కూడా రాయను. రాస్తే వాడు దాన్ని కూడా ఎత్తుకుపోయి ఎక్కడో ఒకచోట పెట్టుకుంటాడు.

సార్ నాకు ఇంటర్లో వృక్షశాస్త్రం చెప్పారు. శిల్పుల ఇంట్లో పుట్టినవాణ్ణి, బొమ్మలు వేయడంలో నాకు నేనే గొప్ప. ఒకరోజు అందరికీ తలా ఒక మందారపువ్వు ఇచ్చి రికార్డులో గీయమన్నారు. నేను అయిదు రెక్కలూ దేవుడికి పెట్టే పువ్వంత అందంగా గీశాను. సార్ నా బల్ల మీది పువ్వునీ, రికార్డునీ మార్చి మార్చి చూశారు.

"పురుగు తిన్న రెక్క యాడ పోయిందప్పా?"

పుస్తకంలో అట్లా లేదు సార్ అన్నాను. ఆయన ఆ కాగితం చింపి, మడిచి, నా జేబులోనే పెట్టారు.

"చూసింది గీయి నాయనా. తెలిసింది గీయొద్దు."

ఇంటర్ రెండుసార్లు తప్పి ఆళ్ళగడ్డ తిరిగొచ్చి ఉలి పట్టుకున్నాను. బోటనీ అంతా మర్చిపోయాను కానీ ఆ ఒక్క మాట మాత్రం పోలేదు.

సార్ చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. బీడీలకు కాదు, విత్తనాలకు. టీని సాసరులో పోసుకుని, ఊదుకుని, చప్పుడు చేస్తూ తాగేవారు, ఎదుట ఎంత పెద్దమనిషి ఉన్నా సరే. బస్సులో కిటికీ పక్క చోటు ఖాళీ లేకపోతే తర్వాతి బస్సుకు పోయేవారు. కిటికీ ఎందుకంటే లెక్క చూసుకోవాలి. నంద్యాల నుంచి పాణ్యం పోయే దారిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లన్నీ ఆయనకు వరుసగా గుర్తు. "ఈడ చింతచెట్టు ఉండె, ఆడ రెండు వేపలు ఉండె" అని పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పేవారు. ఏ కాంట్రాక్టరు కొట్టించాడో, ఏ ఆఫీసరు సంతకం పెట్టాడో కూడా చెప్పేవారు. ఆ ఆఫీసరు రిటైరై ఊరొదిలి వెళ్ళి ఎన్నో ఏళ్ళయినా ఆ వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన పేరు వినక తప్పేది కాదు. కోపం ఎరగని మనిషట, మా సార్!

రెండు బస్సులు మారితే గానీ సముద్రం కనపడని ఊళ్ళో ఉండి ఆయనకు సముద్రం పిచ్చి ఎట్లా పట్టిందంటే, ఒకసారి పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్ళి అక్కడ అంటించుకొచ్చారు. తూర్పున చేపలు పట్టే పల్లెకారుల చిన్న ఊరు. ఇసుక దిబ్బలు తవ్వుకుపోయిన చోట అలలు ఇళ్ళ గోడల దాకా వస్తున్నాయి. దిబ్బ మిగిలిన చోట మాత్రం ఊదారంగు పూల తీగ ఒకటి ఇసుకను గట్టిగా పట్టుకుని పాకుతోంది. సార్ పిల్లల్ని బస్సెక్కించి నంద్యాల పంపేసి తను అక్కడే నాలుగు రోజులు ఉండిపోయారు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం సెలవులూ అక్కడే. ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి, తీగ ముక్కలు నాటించి, మేకలు మేయకుండా ముళ్ళకంప పెట్టించారు. నంద్యాలలో ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు, కుందూ నదిలో నీళ్ళు లేకపోతే ఈయన సముద్రానికి గట్టు కడతాండాడని. ఇంట్లో అమ్మ మాత్రం, అంటే సార్ భార్య, ఏమీ అనేది కాదు. బ్యాగులో రెండు లుంగీలు, ఒక కారప్పొడి డబ్బా పెట్టి పంపేది. ఏళ్ళు గడిచేసరికి దిబ్బ లేచింది. అలలు వెనక్కి తగ్గాయి. పోయిన తాబేళ్ళు మళ్ళీ ఆ ఒడ్డుకే వచ్చి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

సార్ రిటైరైనప్పుడు నేనొక నల్లరాతి తాబేలు చెక్కి తీసుకెళ్ళాను. పాలిష్ అద్దంలా పెట్టాను. సార్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు తడిమారు.

"ఇది యాడ చూసినావప్పా?"

కూర్మావతారం సార్, మా తాతల నాటి కొలతలు అన్నాను. ఆళ్ళగడ్డలో ఎవరిని తాబేలు అడిగినా అదే చెక్కుతారు. నాలుగు లావుపాటి కాళ్ళు, కాళ్ళకు గోళ్ళు. సార్ నవ్వలేదు, తిట్టలేదు. ఆ ఏడు చలికాలం చివర్లో నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి తీసుకెళ్ళారు. తెల్లవారి వెలుగొచ్చాక, ఆలస్యంగా ఒడ్డెక్కిన తాబేలు ఒకటి గుడ్లు పెట్టి తిరిగి పోతోంది. దానికి కాళ్ళు లేవు. తెడ్లు ఉన్నాయి. పొడుగాటి ముందు తెడ్లతో ఇసుకను తోసుకుంటూ, ఆగి ఊపిరి తీసుకుంటూ పోతోంది. వెనక ట్రాక్టరు చక్రం పోయినట్టు గుర్తులు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. సార్ నా వైపు చూడనన్నా చూడలేదు, అది నీళ్ళలో కలిసేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

ఆ ప్రయాణంలోనే ఊళ్ళో ఆడవాళ్ళు ఒక పలక అడిగారు. తీగ నాటిన వాళ్ళందరి పేర్లూ ఉండాలి, నిలబెడితే గాలికి పడుతుంది కాబట్టి అరుగులా పడుకోబెట్టాలి, వలలు బాగుచేసుకుంటూ కూర్చోవాలి అన్నారు. వాళ్ళకు పెద్ద ఒక అక్క ఉంది, మాట కరుకు, మనసు గట్టిది. సార్ పేరు పైన ఉండాలని ఆమె, అసలే వద్దని సార్. చివరికి అట్టడుగు వరుసలో పెట్టడానికి ఒప్పుకున్నారు. నేను మా రాయే లారీలో వేసుకెళ్ళి అక్కడే కూర్చుని చెక్కాను. నా చేత్తో చెక్కిన అక్షరాల్లో వాటంత శ్రద్ధగా చెక్కినవి ఇంకేవీ లేవు.

తర్వాత వాడొచ్చాడు. తీరం పరిరక్షణ పథకానికి డైరెక్టరుగా వచ్చి, పచ్చగా ఉన్న దిబ్బ చూసి, చుట్టూ కంచె వేయించి, బోర్డు పెట్టించాడు. బోర్డు మీద పథకం పేరు, వాడి పేరు. దిబ్బ ఎట్లా లేచిందో సార్ రాసుకున్న నోటుబుక్కులు చదివి ఇస్తానని తీసుకెళ్ళాడు. అవి తిరిగి రాలేదు. వాడి పేరుతో అచ్చయిన వ్యాసంలో వచ్చాయి. అంతటితో ఆగి ఉంటే సార్ ఏమనేవారో తెలియదు. కానీ ఎవరో పెద్ద అధికారులు చూడ్డానికొస్తున్నారని, పలక మీద 'బయటివాళ్ళ పేరు' ఉండకూడదని, సార్ పేరున్న వరుసను గుంత పడేలా చెక్కించి తీసేయించాడు.

అది చూసొచ్చిన రోజు సార్ ఇంటికి పోకుండా నేరుగా ఆళ్ళగడ్డకు వచ్చారు. మా పనిశాలలో రాతి మీద కూర్చుని మంచినీళ్ళడిగారు.

"ఆ ఉలి దెబ్బలు చూసినానప్పా. నీ చెయ్యి కాదు. అదొక్కటే మేలు."

నేను చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాను. అవి తాగి, గొంతు పెంచకుండానే ఆయన ఇంకో మాట అన్నారు.

"నేను వాన్ని క్షమించేది లేదు. నువ్వు కూడా క్షమించొద్దు. గుర్తు పెట్టుకో."

ఆ మాట రాయడానికే ఇంత రాశాను. సంతాప సభలో నలుగురూ లేచి, సార్ అందరినీ క్షమించిన మహానుభావుడని చెప్తుంటే విన్నాను. ఆయన క్షమించలేదు. ఆయనకు క్షమ అంటగట్టే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా అది అవసరమైనవాడికి.

వాడికి బదులు తీర్చే అవకాశం నాకు పోయిన ఏడు వచ్చింది. కోస్తాలో ఒక పెద్ద హోటల్లో తీరం పరిరక్షణ నిపుణుల సమావేశం. ఎవరెవరు ఏమేం సాధించారో చెప్పుకుని పండగ చేసుకునే సభ. అందులో పెద్ద పురస్కారం వాడికి, ఆ దిబ్బకు గానూ. జ్ఞాపికగా రాతి తాబేలు కావాలని నిర్వాహకులు ఆళ్ళగడ్డలో వాకబు చేసి, ఎవరో చెప్తే నా దగ్గరికే వచ్చారు. నాకూ ఆ ఒడ్డుకూ ఉన్న సంబంధం వాళ్ళకు తెలియదు. నేను నోరు మెదపలేదు. పని ఒప్పుకున్నాను.

నెల రోజులు చెక్కాను. తాతల కొలతలు పెట్టి చెక్కాను. నాలుగు లావుపాటి కాళ్ళు, ప్రతి కాలికీ గోళ్ళు. వాటి మీద పెట్టినంత పాలిష్ దేవుడి ముఖం మీద కూడా ఎప్పుడూ పెట్టలేదు. సార్‌కు చెప్పలేదు. ఆయన అప్పటికే ఊపిరి ఆడక మంచం పట్టారు. తెడ్లుండాల్సిన చోట గోళ్ళు దిద్దుతుంటే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. తప్పని తెలుసు, తెలిసే చేశాను.

బొమ్మ అప్పగించే వంకతో నేనే వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. చల్లటి హాలు, తెర మీద అలల బొమ్మలు, అందరి మెడల్లో కార్డులు. ఒక్కొక్కరు లేచి తమ ఘనకార్యం చెప్పడం, చప్పట్లు కొట్టడం. ముందు వరుసలో అక్కనూ, ఇంకో పదిమందినీ ఒకే రంగు చీరలు కట్టించి కూర్చోబెట్టారు. వాడు వేదికెక్కాడు. తాబేలును రెండు చేతులా పైకెత్తాడు. ఈ తల్లులు ఒడ్డెక్కే ప్రతి రుతువులోనూ ఆ ఇసుకలో తానే దగ్గరుండి చూసుకున్నానని, ఈ రాతిలో ఆ తల్లిని అచ్చుగుద్దినట్టు దించిన శిల్పికి ధన్యవాదాలని అన్నాడు. హాల్లో ఒకరిద్దరు చదువుకున్నవాళ్ళు కళ్ళజోడు సర్దుకుని పక్కవాళ్ళతో గుసగుసలాడారు. లేచి చెప్పినవాళ్ళు లేరు.

తర్వాత లబ్ధిదారుల తరఫున కృతజ్ఞతలు చెప్పమని అక్కకు మైకు ఇచ్చారు. రెండు వాక్యాలు కంఠస్థం చేయించి తెచ్చారు. ఆమె బల్ల మీది తాబేలును వంగి చూసింది. కాలు పట్టుకుని చూసింది. ఆ రెండు వాక్యాలూ చెప్పలేదు.

"ఇది మా తాబేలు కాదయ్యా. దీనికి గోళ్ళుండాయి. ఇది చెరువులో తాబేలు."

ఎవరో నవ్వారు. వాడు కూడా నవ్వబోయాడు. ఆమె ఆగలేదు.

"ఈ సారు తాబేలు ఒడ్డెక్కేటప్పుడు ఒక్కనాడూ రాలా. వచ్చుంటే ఈ గోళ్ళు చూసి అప్పుడే చెప్పుండేవోడు. వచ్చింది నంద్యాల సారు. తీగ నాటించింది ఆయనే. రాయి మీంచి ఆయన పేరు చెక్కించి తీసేసింది ఈ సారే."

అని సార్ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, మైకులో, అంతమంది నిపుణుల మధ్య. యాంకరమ్మాయి మైకు లాక్కుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని గంట ముందే చెప్పేసింది. వాడు తాబేలును బల్ల మీదే వదిలేసి పక్క తలుపు గుండా పోయాడు. నేను ఆ పూట భోజనం కడుపు నిండా తిన్నాను. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి నంద్యాలలో సార్ మంచం పక్కన ఉన్నాను. దిండ్లకు ఆనుకుని కూర్చుని అంతా విన్నారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదీ:

"గోర్లు కాలికి ఎన్ని చెక్కినావు?"

"అయిదు సార్."

"యెనక కాళ్ళకు నాలుగే ఉంటాయప్పా. మనిషిని దెబ్బ కొట్టే పనైనా చూసి చెయ్యాల గదా."

అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు రుద్దింది. "మళ్ళీ చెప్పు, అక్క కాలు పట్టుకుని చూసిన కాడ్నుంచి చెప్పు" అన్నారు. నాలుగుసార్లు చెప్పించుకున్నారు. సాయంత్రం చూడ్డానికొచ్చిన వాళ్ళకు కూడా నా చేతనే చెప్పించారు. ఇన్ని నెలల్లో మనిషి నవ్వింది ఈ రోజేనని అమ్మ నాతో అంది. ఇదీ మా సార్. కక్ష తీరిందని మంచం మీద పిల్లాడిలా మురిసిపోయిన మనిషి. ఆయన్ని నేను ఇందుకే ఇంకా ఎక్కువ ప్రేమిస్తాను.

లేచి వచ్చేముందు, కొత్త పలక చెక్కి ఆయన పేరు మళ్ళీ పెడతానన్నాను. పాత రాయిని బాగుచేయడం కుదరదు. రాతిలోంచి తీయగలం గానీ తీసింది మళ్ళీ పెట్టలేం. సార్ వద్దని చెయ్యి ఊపారు.

"ఆ గుంత అట్లే ఉండనీ. పేరుంటే చదువుకోని పోతారు. గుంతుంటే ఏందని అడుగుతారు."

ఆయన తెలివిలో ఉండి నాతో మాట్లాడిన చివరి మాట అదే. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా నిద్రలోనే ఉన్నారు. ఇప్పుడు వాడు పెరికించాలనుకుంటున్నది ఆ గుంతను. కొత్త పలక మీద సార్ పేరు ఎంత పెద్దగా చెక్కితే, పాత పలక మీద వాడు చేసిన పని అంత బాగా మాయమైపోతుంది. చచ్చినవాడికి దండ వేసి దొంగతనం కడుక్కుందామని చూస్తున్నాడు. నా ఉలితో మాత్రం ఆ పని జరగదు.

పోయిన వారం ఆ ఊరికి వెళ్ళాను. అక్క పలక మీద కూర్చుని వల కుడుతోంది. సార్ పోయిన సంగతి నేను చెప్పకముందే తెలుసు. నేనూ పలక మీద ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత వాడి ఆఫీసు వాళ్ళు అడిగింది చెప్పాను. ఆమె వల పక్కన పెట్టి, రాయి మీద అరచెయ్యి ఆనించి, ఎవడొచ్చి కదిలిస్తాడో చూస్తానంది. అక్కడి నుంచే, ముందు నన్నడిగిన ఆ ఆఫీసు పిల్లకు ఫోన్ చేసి, చెక్కనని చెప్పాను. ఎందుకని అడిగితే, ఆ ఊరికి ఒకసారి వచ్చి రాయి చూడమన్నాను.

గాలి ఇసుకను తెచ్చి ఆ గుంతలో నింపుతూ ఉంటుంది. అక్క రోజూ పొద్దున్నే కొంగుతో తుడుస్తుందట. మేము ఉండగానే పట్నం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చిన జంట ఒకటి పలక దగ్గర ఆగింది. ఆ అమ్మాయి పేర్లన్నీ చదువుతూ వచ్చి, చివర్లో ఆగి, ఇక్కడేముండేదని అడిగింది. అక్క వల మీంచి తలెత్తకుండానే రెండు పేర్లు చెప్పింది. మొదటిది అక్కడ ఉండిన పేరు. రెండోది దాన్ని చెక్కించి తీసేసినవాడి పేరు.

ఆ రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. ఎండకు పలకంతా ఆరిపోయింది. ఆ అట్టడుగు వరుసలో మాత్రం నీళ్ళు నిలిచి ఉన్నాయి, మా సార్ పేరు ఎంత పొడవో అంత పొడవునా.